చూపు తగ్గిందా, వెలుగు తగ్గిందా?



గత వేసవిలో ఒక సాయంత్రం, మా వీధిలో జాకెట్లు కుట్టే ఒక సోదరి మా ఇంటికి వచ్చింది. వయస్సు నలభై ఏడు. ఇరవై యేళ్లుగా కుట్టుమిషను మీదనే ఆధారపడి ఇద్దరు పిల్లలను చదివించుకున్న మనిషి.

"కళ్లు పోయాయండి డాక్టరుగారూ. సూదిలో దారం ఎక్కించడానికి పిల్లదాన్ని పిలవాల్సి వస్తోంది. నల్లగుడ్డ అయితే అసలు కుట్టలేకపోతున్నానండి. మిషను అమ్మేద్దామనుకుంటున్నాను" అంది.

"పగలు అరుగు మీద కూర్చుంటే దారం కనబడుతుందా అమ్మా?" అని అడిగాను.

"అక్కడైతే కనబడుతుందండి. రాత్రిళ్లే మరీ కష్టంగా ఉందండి."

"అయితే మిషను సంగతి తరువాత. ముందు నువ్వు కూర్చుని కుట్టే చోటు చూపించు" అన్నాను.

వెళ్లి చూశాను. హాలు శుభ్రంగా, వెలుతురుగానే ఉన్నది. అడుగుపెట్టిన వారెవరైనా దీపానికి ఏమి లోటు అనుకుంటారు. కాని మిషను ఒక గోడకు, ట్యూబులైటు ఎదుటి గోడకు. ఆమె మిషను ముందు కూర్చునేసరికి ట్యూబులైటు వీపు వెనుకకు పోయింది. ఆమె తల నీడ, భుజాల నీడ సరిగ్గా సూది పడే చోటనే పరచుకున్నాయి. ఆ ఇంటికి వెలుగు ఉన్నది. ఆ పనికి లేదు.

ఈ చిన్న తేడా గురించే ఈ వ్యాసం. ఇంట్లో కూర్చుని సంపాదించే స్త్రీలు, పురుషులు ఎందరో నలభై దాటగానే "చూపు పోయింది" అని పని మానుకుంటున్నారు. వారిలో చాలామందికి పోయింది చూపు కాదు. ఒక జత దగ్గరచూపు అద్దాలు, పని మీదకు దిగి వచ్చే ఒక దీపం ఉంటే వారు మరో ఇరవై యేళ్లు సుఖంగా పని చేసుకోగలరు. అందుకే నా అభిప్రాయం మొదటే చెబుతున్నాను: ఇంటిలో జరిగే పనికి కూడా పనికి తగిన దీపం ఒక హక్కు. కుట్టుమిషను ఇచ్చేవారు దానితోపాటు దీపం కూడా ఇవ్వాలి.

నీడతో నా పాత పరిచయం

నాకు నీడ విలువ వైద్య కళాశాలలో తెలియలేదు. 1980 ప్రాంతంలో, ఏజెన్సీలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెలిసింది. రాత్రివేళ కరెంటు ఉండేది కాదు. పడవ కొక్కెం గుచ్చుకుని పాదం చీలిన సరంగును తెచ్చి బల్ల మీద పడుకోబెట్టేవారు. పెట్రోమాక్సు దీపం గదంతా పట్టపగలు చేసేది. కాని నేను వంగి కుట్టు వేయబోతే, గాయం మీద నా తల నీడ తప్ప మరేమీ కనబడేది కాదు. దీపాన్ని కంపౌండరు ఎక్కడ పట్టుకోవాలో మా ఇద్దరికీ తెలియడానికి చాలా నెలలు పట్టింది. పైన, కొంచెం ముందుకు, నా కుడిచేతికి ఎదురుగా ఎడమవైపున. అంతే రహస్యం.

తరువాత పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ గదిలోని నీడ పడని దీపం చూసినప్పుడు అదే సూత్రం కనబడింది. దానిలో ఒకే దీపం ఉండదు. ఒక వెడల్పాటి చట్రంలో పలు దీపాలు పక్కపక్కనే ఉండి వేర్వేరు దిక్కుల నుండి ఒకే చోటికి వెలుగు పంపుతాయి. డాక్టరు తల కొన్నింటిని అడ్డుకున్నా మిగిలినవి పని చేస్తాయి. చట్రాన్ని చేత్తో పట్టుకుని కావలసిన చోటుకు దించుకోవచ్చు, జరుపుకోవచ్చు. వెడల్పు, సమీపం, కదలిక: ఈ మూడు గుణాలూ మన ఇంటి దీపానికి కూడా తేవచ్చు.

కంటిలో జరిగేది ఏమిటి?

మన పెద్దలు దీనికి "చత్వారం" అని చక్కని పేరు పెట్టారు. సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు; నలభైలో వచ్చేది చత్వారం. కంటిలోని కటకం చిన్నతనంలో మెత్తగా ఉండి, దగ్గరి వస్తువును చూడవలసివచ్చినప్పుడు ఉబ్బుతుంది. వయస్సుతో అది గట్టిపడి ఆ శక్తిని కోల్పోతుంది. ఇది జబ్బు కాదు, జుట్టు నెరవడం వంటిది. అందరికీ వస్తుంది.

దీనికి తోడు మరి రెండు మార్పులు జరుగుతాయి. కంటిపాప చిన్నదవుతుంది. కటకం పసుపు వన్నెకు తిరుగుతుంది. ఈ రెండింటి ఫలితంగా, అరవై యేళ్ల వాని కంటి వెనుక పొరకు చేరే వెలుగు, ఇరవై యేళ్ల వానికి చేరే దానిలో సుమారు మూడో వంతు మాత్రమే. మనుమరాలికి చాలిన దీపం అమ్మమ్మకు చాలదు. "ఇంత లైటు ఉంటే కనబడటం లేదంటావేమిటి?" అని ఇంట్లో కుర్రవారు కసురుకుంటూ ఉంటారు. కసురుకోవద్దు. వారు చూసే గది వేరు, ఆమె చూసే గది వేరు.

పగలు అరుగు మీద దారం కనబడుతుందా అని నేను అడగడానికి కారణం ఇదే. వెలుగు ఎక్కువైనప్పుడు కంటిపాప ముడుచుకుంటుంది. సన్నని రంధ్రం గుండా చూస్తే మసక తగ్గినట్లే, ముడుచుకున్న పాప చత్వారపు మసకను కొంత సరిచేస్తుంది. మసక దీపంలో పాప విప్పారి ఆ మసక పెరుగుతుంది. పగటి వెలుగులో బాగా కనబడి రాత్రి కనబడకపోవడం, ఆ వయస్సులో, తరచుగా చత్వారం, చాలని దీపం కలిసి చేసే పని. అయినా ఒకసారి కంటి పరీక్ష తప్పనిసరి. రాత్రి చూపు తగ్గడానికి వేరే జబ్బులూ ఉన్నాయి.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. మసక వెలుగులో పని చేస్తే పెద్దవారి కళ్లు శాశ్వతంగా పాడవుతాయన్నది నిజం కాదు. కాని కళ్లు లాగుతాయి, తలనొప్పి వస్తుంది, రెప్ప వేయడం తగ్గి కళ్లు పొడిబారతాయి. ఇంకొక నష్టం మెడకు. కనబడని కుట్టును చూడడానికి మనిషి ముందుకు వంగుతుంది. మన తల బరువు సుమారు ఐదు కిలోలు. దానిని గంటల తరబడి వంచి మోస్తే మెడ కండరాలు మొరాయించక ఏమి చేస్తాయి? మెడనొప్పికి మాత్రలు వాడే దర్జీలలో కొందరికి అసలు కావలసింది దీపం.

ఇల్లు ఎవరి లెక్కలోనూ పనిచోటు కాదు

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 17వ సెక్షను దీపాల గురించే ఉండేది. కార్మికులు పనిచేసే ప్రతిచోటా చాలినంత, తగిన వెలుగు ఉండాలని, కళ్లు మిరుమిట్లు గొలపకుండా, కంటికి శ్రమ కలిగించే నీడలు పడకుండా చూడాలని అది యజమానిని ఆదేశించింది. నీడ సంగతి కూడా చట్టంలో రాశారన్నది గమనించండి. కాని అదే కుట్టు, అదే సూది ఫ్యాక్టరీ నుండి ఇంటికి వస్తే ఆ రక్షణ వాకిట్లోనే ఆగిపోతుంది.

మా పోలవరం నుండి గోదావరి వెంట దిగువకు పోతే, వశిష్ఠ పాయ సముద్రాన్ని చేరే తావుకు దగ్గరలో నరసాపురం ఉన్నది. అక్కడి లేసు అల్లిక పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ సీమకు వచ్చి, తరతరాలుగా స్త్రీల చేతులలో పెరిగింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఆ స్త్రీల జీవితాలను పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. విదేశాలకు ఎగుమతయ్యే సరుకును తయారు చేస్తున్నా వారిని కార్మికులుగా కాక గృహిణులుగానే చూస్తున్నారని, వారి శ్రమను తీరిక వేళల కాలక్షేపంగా లెక్కిస్తున్నారని ఆమె చెప్పిన మాట నాకు ఒక వైద్యునిగా చాలా విలువైనది. కాలక్షేపానికి ఎవరైనా ప్రత్యేకంగా దీపం పెట్టిస్తారా?

లేసు అల్లే వారికి వెలుగు సమస్య ఎంత పాతదో చెప్పే వస్తువు ఒకటి యూరప్ మ్యూజియాలలో కనబడుతుంది. విద్యుత్తు లేని రోజులలో అక్కడి లేసు స్త్రీలు గుండ్రని గాజుబుడ్డిలో నీళ్లు నింపి కొవ్వొత్తి ముందు పెట్టేవారు. నీటిబుడ్డి భూతద్దంలా ఆ కొద్ది వెలుగును కూడగట్టి అల్లిక మీదకు పంపేది. ఒక్క కొవ్వొత్తి చుట్టూ కొందరు తలొక బుడ్డితో కూర్చుని పని చేసేవారు. గది అంతా వెలగనక్కరలేదు, పని వెలగాలి అని వారికి తెలుసు. ఇంటింటా కరెంటు వచ్చాక మనం ఆ వివేకాన్ని మరచిపోయాము.

దీపాన్ని కిందికి దించండి

దూరం పెరిగే కొద్దీ వెలుగు దూరపు వర్గాన్ని బట్టి తగ్గుతుంది. ఇది బడిలో చదివిన పాఠమే. పైకప్పు పది అడుగులు, మిషను బల్ల రెండున్నర అడుగులు అనుకోండి. కప్పుకున్న బల్బు పనికి ఏడున్నర అడుగుల దూరంలో ఉంటుంది. అదే బల్బును బల్లకు రెండున్నర అడుగుల ఎత్తుకు దించితే దూరం మూడో వంతు. వెలుగు సుమారు తొమ్మిది రెట్లు. ఒక్క పైసా కరెంటు అదనంగా ఖర్చు కాదు.

వెలుగును లక్సులలో కొలుస్తారు. ఆఫీసు బల్ల మీద 500 లక్సులు, బట్టలు కుట్టే చోట 750 లక్సులు ఉండాలన్నది యూరప్ ప్రమాణం. మా సోదరి మిషను సూది దగ్గర ఫోనులోని యాప్ తో కొలిస్తే, నీడ పడిన చోట 40 కూడా లేదు. ఫోను కొలత కచ్చితమైనది కాదు. అయినా తేడా ఎంత పెద్దదో చెప్పడానికి చాలు.

ఇక ఆమె కోసం మేము చేయించిన దీపం. మా వడ్రంగి, వీధి చివరి ఎలక్ట్రీషియను, నేను ముగ్గురం కలిసి తయారు చేశాము. ఖర్చు రెండు వేల రూపాయలకు కాస్త లోపు.

మూడడుగుల అల్యూమినియం పట్టీలు రెండు తీసుకుని పక్కపక్కన బిగించాము. వాటిలో 12 వోల్టుల ఎల్.ఇ.డి. స్ట్రిప్పు అతికించి, పైన పాలవన్నె మూత వేశాము. మూత లేకపోతే చుక్కలు చుక్కలుగా కళ్లలో గుచ్చుకుంటుంది. పొడవుగా ఉన్నందున తల కొంత అడ్డం వచ్చినా మిగిలిన భాగం నుండి వెలుగు పడుతుంది; ఆపరేషన్ గది సూత్రమే. పట్టీకి ఇరువైపులా రెండంగుళాల చెక్క అంచు పెట్టాము, కూర్చున్న వారి కళ్లకు దీపం నేరుగా తగలకుండా.

12 వోల్టులు ఎంచుకున్నది భద్రత కోసం. వేలాడే భాగంలో, చేయి తగిలే భాగంలో ఇంటి 230 వోల్టులు ఉండవు. అడాప్టరు గోడ దగ్గరే ఉండిపోతుంది. స్ట్రిప్పుకు సుమారు 25 వాట్లు కావాలి. అడాప్టరు దానికన్నా పెద్దది, 36 వాట్లది పెట్టాము. నిండు బరువుతో పనిచేసే అడాప్టరు వేడెక్కి త్వరగా చెడిపోతుంది.

పైకి కిందికి కదిలించడానికి మనకు తెలిసిన సాధనమే చాలు: బావి గిలక. పట్టీ రెండు కొనలకు రెండు నైలాను తాళ్లు కట్టి, కప్పుకు బిగించిన చిన్న గిలకల మీదుగా గోడ వైపుకు తెచ్చి, అక్కడ రెండింటినీ ఒక బరువుకు ముడివేశాము. ఆ బరువు మరేమీ కాదు, గోదావరి ఇసుక పోసిన ప్లాస్టిక్ సీసా. దీపం బరువుకు సమానమయ్యేదాకా ఇసుక కొంచెం కొంచెంగా పోశాము. ఇప్పుడు దీపాన్ని చేత్తో ఎక్కడ వదిలితే అక్కడే నిలుస్తుంది. ఒకవేళ తాడు తెగినా తల మీద పడకుండా సన్నని ఉక్కు తీగను వేరుగా కట్టాము. కరెంటు వైరు మీద మాత్రం ఎన్నడూ బరువు మోపవద్దు. దానిని వదులుగా వదిలిపెట్టాలి.

మొదటిసారి మేము తప్పు చేశామని ఒప్పుకోవాలి. నడుమ ఒక్క తాడుతోనే వేలాడదీశాము. ఫ్యాను వేయగానే దీపం గిరగిరా తిరిగింది. ఆమె ఆ గాలికి నవ్వు ఆపుకోలేకపోయింది. రెండు తాళ్లు ఆ తరువాతి ఆలోచన. ఫ్యాను విషయంలో ఇంకొక జాగ్రత్త ఉన్నది. దీపం ఫ్యాను రెక్కలకు పైన ఉంటే, రెక్కలు వెలుగును కోస్తూ పని మీద నీడలు పరిగెత్తిస్తాయి. తలనొప్పికి అదొక్కటే చాలు. దీపం రెక్కలకు కింద, వాటికి దూరంగా ఉండాలి.

ఎత్తు ఎందుకు మారాలి? సూదిపనికి, మగ్గం వర్కుకు దీపం బల్లకు రెండడుగుల మీదికి రావాలి. గుడ్డ పరచి కత్తిరించేటప్పుడు నాలుగడుగులకు పోతే బల్లంతా వెలుగుతుంది. కుట్టేవారు పొడుగైనా పొట్టైనా సర్దుకోవచ్చు. కుడిచేతివాటం వారికి వెలుగు పైనుండి, కొంచెం ముందుకు, ఎడమవైపు నుండి రావాలి. ఎడమచేతివాటం వారికి కుడివైపు నుండి.

దీపం పెట్టాక అదే ఫోనుతో అదే చోట కొలిస్తే 700 దాటింది.

కొనేటప్పుడు, వాడేటప్పుడు

దారాల రంగులు సరిపోల్చే పనికి సి.ఆర్.ఐ. 90 లేక అంతకు మించి ఉన్న ఎల్.ఇ.డి. అడగండి. అది తక్కువైతే మెరూనుకు, గోధుమరంగుకు తేడా తెలియదు. పనికి 4000 కెల్విన్ తెలుపు బాగుంటుంది. పడుకునే ముందు గంటసేపు కాంతివంతమైన దీపం కింద కూర్చుంటే నిద్ర వెనుకబడుతుంది. పని ముగియగానే ఆర్పివేయండి. ఇంటి ఎల్.ఇ.డి. దీపాల నీలి కాంతి కంటిపొరను కాల్చివేస్తుందన్న ప్రచారాన్ని మాత్రం నమ్మనక్కరలేదు. నాసిరకం దీపాలు కంటికి తెలియకుండా మిణుకుతాయి. ఫోను కెమెరాలో స్లో మోషన్ పెట్టి చూస్తే చారలుగా బయటపడుతుంది. పని వెలుగుతూ గది చీకటిగా ఉంటే కళ్లు అలసిపోతాయి. గది దీపం కూడా వెలగనివ్వండి. శుక్లం ఉన్నవారికి ఎక్కువ వెలుగు మిరుమిట్లు గొలపవచ్చు. వారికి దీపపు అంచు, మూత మరింత ముఖ్యం.

దీపం వైద్యుడు కాదని కూడా గుర్తుంచుకోండి. చూపు హఠాత్తుగా తగ్గినా, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడినా, గీతలు వంకరగా తోచినా, కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా వెంటనే కంటి వైద్యుని చూడాలి. మధుమేహం ఉన్నవారు ఏ బాధా లేకపోయినా ఏటా కంటి వెనుక పొర పరీక్ష చేయించుకోవాలి.

మా సోదరికి కూడా మొదట పరీక్షే చేయించాము. ఒకటిన్నర పవరు దగ్గరచూపు అద్దాలు వచ్చాయి; వేరే జబ్బు లేదు. అద్దాలు ఒక్కటే ఉంటే నీడ మిగిలేది, దీపం ఒక్కటే ఉంటే మసక మిగిలేది. రెండూ కలిసినప్పుడే పని జరిగింది.

నా విన్నపం

దగ్గరచూపు అద్దాల విలువ ఏపాటిదో ఒక పరిశోధన చూపింది. అస్సాం తేయాకు తోటలలో నలభై దాటిన 751 మంది కార్మికులలో కొందరికి అద్దాలు ఇచ్చి, కొందరికి ఇవ్వక పోల్చారు. ఇచ్చినవారి పని ఇవ్వనివారికన్నా సుమారు 22 శాతం అధికంగా పెరిగిందని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ప్రచురించింది. ఆ పని పట్టపగలు, ఆరుబయట జరిగేది. రాత్రి వేళ ట్యూబులైటుకు వీపు పెట్టి కుట్టే వారి సంగతి ఊహించుకోండి.

మన రెండు రాష్ట్రాలలో కంటివెలుగు కార్యక్రమాలు జరిగాయి. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలయ్యాయి. అద్దాలు పంచడం మంచి పని. స్త్రీలకు కుట్టుపని నేర్పి మిషన్లు ఇచ్చే పథకాలూ మంచివే. కాని ఈ రెండూ ఒకదానినొకటి ఎరుగవు. మిషను ఇచ్చేరోజున నలభై దాటిన ప్రతి స్త్రీకి దగ్గరచూపు పరీక్ష చేయాలి. మిషనుతోపాటు ఎత్తు మార్చుకోగల ఒక దీపం ఇవ్వాలి. శిక్షణలో ఒక పూట, మిషనును కిటికీ దగ్గర ఏ దిక్కుగా పెట్టుకోవాలో నేర్పాలి. మిషను ధరతో పోలిస్తే ఈ ఖర్చు స్వల్పం.

మా ఊరి పక్కన కడుతున్న ప్రాజెక్టు పూర్తయితే 960 మెగావాట్ల విద్యుత్తు పుడుతుందని లెక్క. రాత్రివేళ ఆ పనిచోట వెలిగే పెద్ద దీపాలు దూరం నుండి కనబడతాయి. అక్కడ పనికి తగిన వెలుగు ఉండాలని ఎవరూ వాదించనక్కరలేదు. ఆ ప్రాజెక్టు కింద ఊళ్లు విడిచి వచ్చి, పునరావాస కాలనీలలో సూదితో, అల్లికతో బతుకు మళ్లీ మొదలుపెట్టిన స్త్రీలూ ఉన్నారు. వారి పనికీ 25 వాట్ల వెలుగు చేరాలనడం అత్యాశ కాదు.

ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగనక్కరలేదు. ఈ రాత్రి మీ ఇంట్లో కుట్టే వారి, చదివే వారి, రాసుకునే వారి వెనుక నిలబడి, వారి నీడ ఎక్కడ పడుతుందో చూడండి. పని మీద పడితే రేపు ఉదయమే బల్లను తిప్పండి. అది పైసా ఖర్చు లేని మొదటి వైద్యం.

మా సోదరి మిషను అమ్మలేదు. మొన్న దసరాకు నాకొక లాల్చీ కుట్టి తెచ్చింది. "నల్లదారంతోనే కుట్టానండి, చూసుకోండి" అంది. కుట్టు చూడడానికి నేనే అద్దాలు వెతుక్కోవలసి వచ్చింది.

మీ అందరికీ ఆరోగ్యమస్తు.